పైకి వెళ్లిన కబురు: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ గారికి,



నేను విజయనగరం జిల్లాలో ఒక చిన్న ఊరివాణ్ణి. ముప్ఫై ఏళ్లు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మా నాన్న సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో లైన్‌మన్‌గా పనిచేశారు. కొండల మీద, లోయల్లో టెలిఫోన్ తీగ పరచడం, తెగితే వెతికి అతకడం ఆయన పని. 1962 శీతకాలంలో ఆయన నేఫాలో, అంటే ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లో ఉన్నారు. వెనక్కి మళ్లిన దండుతో కలిసి భూటాన్ అడవుల మీదుగా కాలినడకన తేజ్‌పూర్ వైపు దిగివచ్చారు. ఎడమ కాలి రెండు వేళ్లు మంచుకు పోయాయి.

మా పాత ఇంటి వసారాలో దూలానికి ఒక ఇనుప తీగ వేలాడుతుండేది. ఊళ్లో అందరి ఇళ్లలో ఉన్నట్టే, వచ్చిన ఉత్తరాలు గుచ్చే తీగ. కాకపోతే మా నాన్న ఏ ఉత్తరాన్నీ ఊరికే గుచ్చేవారు కాదు. కార్డు మూల మీద పెన్సిల్‌తో తేదీ, వేళ వేసి ‘అందినది’ అని రాసేవారు. ఆ తర్వాతే తీగకు ఎక్కించేవారు. చిన్నప్పుడు అడిగితే, “కబురు పంపినవాడికి అది చేరిందో లేదో తెలియాలిరా. చేరిందని చెప్పకపోతే పంపనట్టే లెక్క. మాకు అక్కడ నేర్పిన మొదటి పాఠం అదే” అన్నారు.

నేఫా గురించి ఆయన పెద్దగా మాట్లాడేవారు కాదు. ఎప్పుడైనా మనసు విప్పితే ఒకే మాట: “తీగ మేం వేశాం. చలిబట్టలు లేవని, మందుగుండు చాలదని, ఇక్కడ నిలబడటం కష్టమని ఆఫీసర్లు పైకి చెబుతుంటే ఆ తీగ మీదే వెళ్లింది. పైనుంచి ఏం జవాబు వచ్చిందో మాకెవరూ చెప్పలేదు.” ఆయన పోయి పదేళ్లు దాటింది. ఆ జవాబు కోసమే మీకు ఈ లేఖ రాస్తున్నాను.

అయ్యా, మన దేశంలో యుద్ధాల గురించి మాటలకు కొరత లేదు. రాత్రి తొమ్మిదయితే ప్రతి టీవీలోనూ యుద్ధమే. కొరతగా ఉన్నవి సైన్యాధికారులు విధినిర్వహణలో, ఆలోచించి, కాగితం మీద పెట్టి పైకి పంపిన అభిప్రాయాలు. ‘ఇది ప్రమాదం’, ‘ఇది చాలదు’, ‘ఇక్కడ తప్పు జరిగింది’ అని వాళ్లు రాసినవన్నీ బీరువాల్లో ఉన్నాయి. కొన్నయితే బీరువాల్లో కూడా లేవు. దేశ భద్రత మీద సైనికాధికారి వృత్తిపరంగా చెప్పిన మాట ఆ వేళకు రహస్యం కావచ్చు. కాలం గడిచాక అది ప్రజల ఆస్తి. నేను చెప్పదలచింది ఇంతే. ఎందుకు చెబుతున్నానో కొంచెం వివరంగా రాయనివ్వండి.

1959 అక్టోబరులో తూర్పు కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ ఎస్.పి.పి. తోరాట్ నేఫా రక్షణ మీద ఒక పత్రం రాశారు. చైనా దాడి చేస్తే ఎక్కడ నిలబడాలి, ఎంత బలగం కావాలి, దారుల సంగతేమిటి అన్నది అందులో విషయం. మరుసటి మార్చిలో లక్నోలో ‘లాల్ ఖిలా’ పేరుతో యుద్ధక్రీడ నిర్వహించి తన అంచనాను అధికారులందరి ముందూ పరీక్షకు పెట్టారు. అప్పటి రక్షణ మంత్రి ఆ అంచనాను పట్టించుకోలేదు. తోరాట్ 1961లో రిటైరయ్యారు. ఏడాదిన్నర తిరగకుండానే ఆయన భయపడినట్టే అయింది. యుద్ధం ముగిశాక ప్రధాని తనను పిలిపించారనీ, ఆ పత్రం తన దాకా ఎందుకు రాలేదని అడిగారనీ తోరాట్ ఆత్మకథలో రాసుకున్నారు. ఆయన రాసుకోకపోతే మనకు ఆ సంగతే తెలిసేది కాదు.

నామ్కాచూ వాగు ఒడ్డున ఏడో బ్రిగేడ్‌ను నడిపిన బ్రిగేడియర్ జాన్ దల్వీదీ అదే కథ. నూలు బట్టల్లో, చాలీచాలని దుప్పట్లతో, లెక్కపెట్టి ఇచ్చిన తూటాలతో సైనికులను ఆ వాగు పక్కన నిలబెట్టారు. అది పోరాడదగిన చోటు కాదని కింది అధికారులు మొత్తుకున్నారు. అక్టోబరు 20 తెల్లవారుజామున దాడి జరిగింది. రెండు రోజులకు దల్వీ చైనా చేతికి చిక్కి, నెలల తరబడి ఖైదులో ఉన్నారు. తిరిగి వచ్చాక 1969లో ‘హిమాలయన్ బ్లండర్’ ప్రచురించారు. మా నాన్నకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. అయినా నేను కాలేజీ లైబ్రరీ నుంచి ఆ పుస్తకం తెచ్చి చదివి చెబుతుంటే, చలిబట్టల గురించి రాసిన చోట చేయి పైకెత్తి ఆపమన్నారు. “మళ్లీ చదువు” అన్నారు. రెండోసారి చదివాను. కాసేపు కాలి వేళ్ల వైపు చూసుకుని, “అయితే చెప్పారన్నమాట” అన్నారు. తన ఆఫీసర్లు తన తరఫున మాట్లాడారని పుస్తకంలో విన్నాక ఆ మనిషి ముఖంలో వచ్చిన నెమ్మది నేను మరిచిపోలేను.

ఓటమి కారణాలు తేల్చమని 1962 తర్వాత సైన్యాధిపతి అయిన జనరల్ జె.ఎన్. చౌధురి ఒక విచారణ వేశారు. 1948లో హైదరాబాద్‌లోకి సైన్యాన్ని నడిపించినవారుగా మన తెలుగువారికి ఆయన పేరు తెలుసు. విచారణ జరిపినవారు లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, విక్టోరియా క్రాస్ గ్రహీత బ్రిగేడియర్ పి.ఎస్. భగత్. 1963లో నివేదిక ఇచ్చారు. అది ఇప్పటికీ అతి రహస్యమే. 2010లో కేంద్ర సమాచార కమిషన్ బయటపెట్టడానికి ఒప్పుకోలేదు. నాటి రక్షణ మంత్రి ఆంటోనీ గారు అందులోని విషయాలకు ఇప్పటికీ సైనిక ప్రాధాన్యం ఉందని పార్లమెంటుకు చెప్పారు. 2014లో ప్రభుత్వం మారినా జవాబు మారలేదు. అందుకే ఇది ఒక పార్టీ మీద ఫిర్యాదు కాదు. రెండు పార్టీల ప్రభుత్వాలూ ఆ బీరువాకు తాళం వేసే ఉంచాయి.

ఈలోగా జరిగిందేమిటి? నెవిల్ మాక్స్‌వెల్ అనే విదేశీ పాత్రికేయుడు ఆ నివేదికలో పెద్ద భాగాన్ని 2014 మార్చిలో ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ప్రపంచం చదివింది. చైనా చదవకుండా ఉంటుందా? చదవడానికి అధికారికంగా వీల్లేనిది మన పౌరులకే. మన ఓటమి గురించి మన అధికారులు మన కోసం రాసిన నివేదికను నా విద్యార్థులు పరాయివాడు ఇచ్చిన ప్రతిలో చదువుకోవాల్సి వచ్చింది. చరిత్ర పాఠం చెప్పేవాడిగా నాకు అది తలవంపుగా తోచింది.

పొరుగు దేశం సంగతీ చూడండి. 1971 ఓటమి మీద పాకిస్థాన్ వేసిన హమూదుర్ రెహమాన్ కమిషన్ నివేదికను వాళ్లు పాతికేళ్లకు పైగా దాచారు. 2000 ఆగస్టులో మన దేశపు పత్రిక ఒకటి కొంత భాగం బయటపెట్టాక, అదే ఏడాది చివర్లో పాకిస్థాన్ ప్రభుత్వమే విడుదల చేయక తప్పలేదు. అప్పట్లో సైనిక పాలనలో ఉన్న దేశం ఆ మాత్రం చేసింది. ప్రజాస్వామ్యంలో ఉన్న మనం ఇంకా ఎందుకు సందేహించాలి?

గెలిచిన యుద్ధం సంగతి ఇంకా బాధాకరం. 1971లో తూర్పున మన సైన్యం పదమూడు రోజుల్లో ఒక దేశానికి స్వేచ్ఛ తెచ్చింది. ఆ యుద్ధపు కీలక రికార్డులు తూర్పు కమాండ్‌లో లేవని, ధ్వంసమయ్యాయని 2010లో పత్రికల్లో వచ్చింది. 1974లో ఆ కమాండ్ బాధ్యతలు తీసుకున్నప్పుడు తాను ఆ రికార్డులు అడిగితే చించేశామని జవాబు వచ్చిందని లెఫ్టినెంట్ జనరల్ జాకబ్ అన్నారు. ఆ యుద్ధంలో అదే కమాండ్‌కు చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఆయనే. తాను గీసిన పథకాల కాగితాలు తనకే దొరకలేదు.

మా విశాఖకు రండి. బీచ్ రోడ్డులో ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం ఉంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు దగ్గర పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. తొంభై మందికి పైగా నావికులు అందులోనే పోయారు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన పేలుడు గుండ్లే ముంచాయని మన నౌకాదళం చెబుతుంది. లోపలే ఏదో పేలిందని పాకిస్థాన్ అంటుంది. ఏటా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లేవాణ్ణి. ఒకసారి ఒక అమ్మాయి స్మారకం మెట్ల మీద నోట్‌బుక్ తెరిచి కూర్చుని, “మాస్టారూ, ఆ రాత్రి లాగ్‌బుక్కులో ఏం రాశారో చూస్తే తేలిపోతుంది కదా?” అంది. ఎంత తేలికైన ప్రశ్న! చరిత్రకారుడు మొదట వేయవలసిన ప్రశ్న అదే. ఘాజీకి సంబంధించిన రికార్డులు కూడా నాశనం చేశారని పత్రికల్లో చదివి ఉన్నాను కాబట్టి ఆ పిల్లకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. మన వీరుల గెలుపును రుజువు చేసే కాగితాన్ని మనమే పోగొట్టుకుంటే అది ఎవరికి మేలు?

కాగితం లేని చోట కథలు పుడతాయి. 1971 ఏప్రిల్‌లో మంత్రివర్గం ముందు జనరల్ మానెక్‌షా ‘ఇప్పుడు కాదు, వర్షాలొస్తాయి, సిద్ధపడాలి’ అన్నారని ఆయనే తర్వాత సభల్లో చెప్పుకున్నారు. దేశమంతా ఆ కథను ప్రేమగా చెప్పుకుంటుంది. ఆ సమావేశంలో నిజంగా ఎవరు ఏమన్నారు, నిర్ణయం అప్పటికే జరిగిందా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. రికార్డు తెరిచి ఉంటే ఆ వాదన ఉండదు. మానెక్‌షా గొప్పతనం తగ్గదు, ఇంకా నిలబడుతుంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోదగింది. 1960ల మొదట్లో, అన్న మాటలే నేరాలుగా చూపి ఆయన మీద విచారణ వేశారు. నిర్దోషిగా బయటపడ్డారు. 1962 నవంబరులో తూర్పున సైన్యం కూలిపోయినప్పుడు, నాలుగో కోర్‌ను నిలబెట్టడానికి తేజ్‌పూర్‌కు పంపింది ఆయన్నే.

అధికారులు ఆలోచించి కాగితం మీద పెట్టడం మనకు కొత్త కాదు. యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ 1870లో సిమ్లాలో పుట్టింది. దాని పత్రికలో అధికారులు వృత్తి విషయాలు చర్చించుకుంటూనే వచ్చారు. మన తెలుగువారైన జనరల్ కె.వి. కృష్ణారావు సంగతి చూడండి. 1971లో ఎనిమిదో మౌంటెన్ డివిజన్‌ను సిల్హెట్ వైపు నడిపించారు. 1975లో, వచ్చే పాతికేళ్లకు సైన్యం ఎలా ఉండాలో ఆలోచించే నిపుణుల కమిటీకి నాయకత్వం వహించారు. 1981లో సైన్యాధిపతి అయ్యారు. రిటైరయ్యాక 1991లో ‘ప్రిపేర్ ఆర్ పెరిష్’ అనే పుస్తకం రాశారు. సిద్ధపడు, లేదా నశించు అని పేరులోనే చెప్పేశారు. ఆయనతో ఆ కమిటీలో పనిచేసిన సుందర్‌జీ తర్వాత మావ్‌లోని కాలేజ్ ఆఫ్ కంబాట్ అధిపతిగా, 1981లో అణ్వాయుధాల మీద అధికారుల అభిప్రాయాలను పోస్టులో రప్పించుకుని పత్రాలుగా అచ్చు వేయించారు. అణు విషయం మీద ప్రభుత్వం పెదవి విప్పని రోజులవి. మన అధికారులు ముందుచూపుతో ఆలోచించిన ఆ పత్రాల వల్ల దేశానికి ఏ చేటూ జరగలేదు. పోఖ్రాన్‌లో 1998 పరీక్షల తర్వాత అణు విధానం రాసుకోవలసి వచ్చినప్పుడు, ఆలోచించి పెట్టుకున్నవాళ్లు మనకు ఉన్నారు.

ఇప్పుడు కార్గిల్. 1999లో 527 మంది ప్రాణాలిచ్చారు. యుద్ధం ముగిసిన మూడు రోజులకే, జులై 29న, కె. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో సమీక్షా కమిటీ వేశారు. నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది, పుస్తకంగానూ అచ్చయింది. కొన్ని భాగాలు భద్రత పేరుతో తీసేసినా, మన దేశంలో అదొక మేలిమి ఉదాహరణ. ఆ నివేదిక కదిలించిన చర్చ నుంచే త్రివిధ దళాధిపతి (సీడీఎస్) పదవి దాకా వచ్చాం, రెండు దశాబ్దాలు పట్టినా. అయితే అదే యుద్ధం ఇంకో పాఠమూ చెప్పింది. బటాలిక్ ప్రాంతంలో 70వ బ్రిగేడ్‌ను నడిపిన బ్రిగేడియర్ దేవిందర్ సింగ్ తన పనితీరు గురించి పైఅధికారి రాసిన నివేదిక న్యాయంగా లేదని కోర్టుకు వెళ్లారు. 2010లో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఆ నివేదికలో పక్షపాతం ఉందని తేల్చింది. ఒక అధికారి ఏళ్ల తరబడి పోరాడితేనే యుద్ధకథలో ఆయన పేజీ సరిగ్గా చదవగలిగాం. పోరాడలేనివాళ్ల పేజీల మాటేమిటి? పై నుంచి వచ్చిన ఒక్క వృత్తాంతంతో చరిత్ర పూర్తి కాదు. కింది బెటాలియన్ వార్ డైరీ, నౌకాదళపు చర్యల లేఖలు, వైమానిక దళపు ఆపరేషన్ల రికార్డు పుస్తకం, అన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

అయ్యా, ఇంతవరకూ చెప్పినవి పాత బాధలు. ఇక మీ చేతిలో ఉన్న సంగతి చెబుతాను.

2021 జూన్‌లో మీరే ఒక మంచి విధానం ఆమోదించారు. వార్ డైరీల దగ్గర్నుంచి అన్ని రికార్డులూ రక్షణ శాఖ చరిత్ర విభాగానికి చేరాలి. మామూలుగా పాతికేళ్లకు రహస్యముద్ర తీసెయ్యాలి. యుద్ధమైనా, ఆపరేషన్ అయినా ముగిసిన రెండేళ్లలోగా, మీ శాఖ సంయుక్త కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేయాలి. అవసరమైతే పేరున్న సైనిక చరిత్రకారులనూ అందులో చేర్చుకోవచ్చు. ఆ తర్వాత మూడేళ్లలో చరిత్ర రాయడం పూర్తి కావాలి. పాత తప్పులు మళ్లీ చేయకుండా పాఠాలు నేర్చుకోవడానికే ఇదంతా అని ప్రకటనలోనే ఉంది. ఆ ప్రకటన చదివిన రోజు నేను నాన్న ఫోటో దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. జవాబు బయలుదేరిందనుకున్నాను.

కార్గిల్‌కు 2024 జులైలో పాతికేళ్లు నిండాయి. ప్రతి జులై 26న ద్రాస్‌లో పూలు పెడుతున్నాం. ఆ పూలతో పాటు ఆ కాగితాలు కూడా జాతి ముందు పెట్టవలసిన వేళ వచ్చింది.

గల్వాన్ సంగతి మా తెలుగువారికి ఇంటి సంగతి. 2020 జూన్ 15 రాత్రి 20 మంది పోయారు. వాళ్లను నడిపించిన పదహారో బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. సూర్యాపేటలో విగ్రహం నిలిచింది. విగ్రహం ఆయన ధైర్యాన్ని చెబుతుంది. ఆ రాత్రికి ముందు ఆ లోయలో ఏం జరుగుతోందని అధికారులు అంచనా వేశారో, పైకి ఏం రాశారో, ఏం జవాబు వచ్చిందో చెప్పలేదు. అది ఈరోజే చెప్పమని అడగడం లేదు. సరిహద్దు ఇంకా చల్లబడలేదని నాకూ తెలుసు. కానీ రాసి భద్రం చేస్తున్నామని, ఫలానా రోజున తెరుస్తామని ఆ బిడ్డలకు మాట ఇవ్వవచ్చు కదా.

ఆ కాలపు సైన్యాధిపతి జనరల్ నరవణే రాసుకున్న జ్ఞాపకాల పుస్తకం 2024 జనవరిలో వస్తుందని ప్రకటించారు. పరిశీలన కోసం ఆగింది. పరిశీలించడం తప్పని నేననను. గడువు లేని పరిశీలనే తప్పు. ఎంతకాలమో చెప్పని అనుమతి నిషేధంతో సమానం. దానికంటే ప్రమాదం ఇంకొకటి ఉంది: అచ్చు కాని పుస్తకంలోంచి తలా ఒక ముక్క ఊహించి మాట్లాడతారు. అప్పుడు సైన్యాధిపతి మాట పార్టీల చేతుల్లో రాయి అవుతుంది. మొత్తం పుస్తకం ముందుంటే ఆ మాట దాని చోటులో, దాని బరువుతో ఉంటుంది.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ దాడులు ఆగిన మూడు వారాలకు, త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ సింగపూర్‌లో విదేశీ విలేకరులతో మాట్లాడుతూ మొదట్లో మన విమానాలు నష్టపోయిన మాట ఒప్పుకున్నారు. ఎన్ని పోయాయన్నదానికంటే ఎందుకు పోయాయన్నది ముఖ్యమనీ, తప్పు గుర్తించి సరిదిద్దుకుని మళ్లీ వెళ్లామనీ వివరించారు. ఆ మాటలో నాకు బలహీనత కనిపించలేదు, వృత్తి మీద నమ్మకమున్న సైనికుడు కనిపించాడు. జనం కుంగిపోలేదు, సైన్యం చిన్నబోలేదు. ఒక్కటే కలుక్కుమంది: ఆ మాట మనం ఢిల్లీ నుంచి, మన పార్లమెంటు నుంచి ముందు వినవలసింది. నిజం చెబితే ప్రజలు తట్టుకోగలరని ఆ రోజు రుజువైంది.

మీకూ మీ అధికారులకూ ఉండే సందేహాలు నాకు తెలియనివి కావు. సైన్యం క్రమశిక్షణ మీద నడుస్తుంది. పనిలో ఉన్న అధికారి అనుమతి లేకుండా పత్రికలకు ఎక్కకూడదని సైనిక నిబంధనలు చెబుతున్నాయి, రాజ్యాంగం 33వ అధికరణం అందుకు వీలిచ్చింది. అది ఉండాలి. తుపాకీ చేతిలో ఉన్నవాళ్లు రాజకీయం మాట్లాడిన దేశాలు ఏమయ్యాయో మన చుట్టూనే చూశాం. నేను అడిగేది అధికారుల నోరు విప్పించమని కాదు. ఎప్పుడో వాళ్లు సరైన దారిలో, సరైన చోటికి చెప్పిన మాటను కాలం గడిచాక తెరవమని. నిజానికి దీనివల్ల క్రమశిక్షణ పెరుగుతుంది. తాను రాసింది ఏదో ఒకనాడు చదువుతారన్న నమ్మకం ఉంటే అధికారి ఫైల్లోనే నిజం రాస్తాడు. ఆ నమ్మకం లేనప్పుడే టీవీ స్టూడియో వైపు చూస్తాడు. అలాగే, ఒకరోజు అందరూ చదువుతారని తెలిస్తే పైవాళ్లూ జవాబు ఆలోచించి రాస్తారు.

శత్రువుకు ఉపయోగపడుతుందంటారా? మనుషుల పేర్లు, సంకేతాలు, ఆయుధాల లెక్కలు, ఇప్పటికీ నడుస్తున్న ఏర్పాట్లు కప్పెయ్యండి. కప్పిన చోట నల్లగీత కనిపించనివ్వండి. అరవై ఏళ్ల కిందటి దారులకు బదులు సేలా కనుమ కింద సొరంగం తవ్వుకున్నాం. అప్పటి రైఫిళ్లు మ్యూజియాల్లో ఉన్నాయి. మారనివి మనుషుల తప్పులు: కింది మాట వినకపోవడం, నచ్చిన అంచనానే నమ్మడం, మొహమాటానికి తలూపడం. ఈ తప్పులు దాచితే శత్రువుకు నష్టం లేదు, మనకే నష్టం. మా సికింద్రాబాద్‌లోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌కు దేశం నలుమూలల నుంచి అధికారులు చదువుకోవడానికి వస్తారు. వాళ్లు మన యుద్ధాల పాఠాలు మన రికార్డుల నుంచే నేర్చుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు కొత్త కాదు. కనీసం ఎందుకు కాలాయో రాసి ఉంచిన కాగితమైనా తర్వాతివాళ్లకు అందాలి.

అందుకని మిమ్మల్ని అడిగేవి ఇవి.

ఒకటి. హెండర్సన్ బ్రూక్స్, భగత్ నివేదికను, నిజంగా దాచవలసిన వాక్యాలుంటే అవి కప్పి, ప్రభుత్వమే విడుదల చేయాలి.

రెండు. కార్గిల్ రికార్డుల జాబితాను ముందు ప్రకటించండి. ఏమున్నాయో తెలిస్తే ఏది ఎప్పుడు తెరుస్తారో అడగగలం. జాతీయ అభిలేఖాగారానికి చేర్చే తేదీలు చెప్పండి.

మూడు. గల్వాన్‌కూ, ఆపరేషన్ సిందూర్‌కూ మీ విధానంలో చెప్పిన కమిటీల సంగతి దేశానికి తెలియజేయండి. దాడులు ఆగిన 2025 మే నుంచి లెక్కిస్తే సిందూర్‌కు ఆ రెండేళ్ల గడువు 2027 మేతో ముగుస్తుంది. చరిత్రకారులను ‘అవసరమైతే’ అన్న మాటకు వదలకుండా తప్పక చేర్చండి.

నాలుగు. రిటైరైన అధికారుల పుస్తకాల పరిశీలనకు గడువు పెట్టండి, తొంభై రోజులు చాలు. తీసెయ్యమన్న ప్రతి చోటా కారణం రాసి ఇవ్వండి. రహస్యం తీసెయ్యండి, అభిప్రాయం ఉంచండి. ఒప్పుకోని రచయిత అప్పీలు చేసుకోవడానికి ఒక చోటు చూపండి.

ఐదు. 1971 రికార్డుల్లో ఏవి మిగిలాయో, ఏవి పోయాయో నిజాయతీగా చెప్పండి. 1993 పబ్లిక్ రికార్డుల చట్టం కింద, పద్ధతి తప్పి రికార్డు నాశనం చేస్తే అయిదేళ్ల దాకా జైలుంది. ఆ చట్టం రక్షణ కార్యాలయాల గోడల మీద కూడా కనబడాలి. పోయిన కాగితాలకు బదులు, ఆనాటి యుద్ధంలో పాల్గొని ఇంకా మన మధ్య ఉన్నవాళ్ల మాటలు రికార్డు చేయించండి. అందరూ డెబ్బై దాటినవారే. ఇది వచ్చే ఏటికి వాయిదా వేసే పని కాదు.

ఆరు. తెరిచినవాటిని భారతీయ భాషల్లో ఇవ్వండి. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అనే ఊరుంది, ఇంటికొక సైనికుడని పేరు. అలాంటి ఊళ్లు పంపిన బిడ్డల కథ ఆ ఊళ్ల అమ్మలకు, చెల్లెళ్లకు చదివే భాషలో ఉండాలి. మా నాన్నకు దల్వీ పుస్తకం నేను తెలుగు చేసి చెప్పవలసి వచ్చింది. అందరి ఇంట్లో చరిత్ర మాస్టారు ఉండడు.

అయ్యా, నేను మిమ్మల్ని నిందించడానికి రాయలేదు. మంచి విధానం తెచ్చినవారు కాబట్టే మిమ్మల్ని అడుగుతున్నాను. పాత ఇల్లు పడగొట్టేటప్పుడు ఆ ఉత్తరాల తీగను నేను తెచ్చుకున్నాను. తుప్పు పట్టింది గానీ కార్డులు చెక్కుచెదరలేదు. ప్రతి దాని మూల మీద నాన్న పెన్సిల్ రాత: తేదీ, వేళ, ‘అందినది’. ఎవరో బంధువు పంపిన పెళ్లి కబురుకు కూడా ఆయన ఆ గౌరవం ఇచ్చారు. తన చేతులతో పరిచిన తీగ మీద, ప్రాణాలు పణంగా పెట్టినవాళ్లు పంపిన కబుర్లకు ఆ మాట ఎవరూ రాయలేదు. ఆ బాకీ మీ శాఖ మీద ఉంది. తీర్చడానికి ఖజానా అక్కర్లేదు, ఒక తాళంచెవి, ఒక తేదీ చాలు.

మీ జవాబు వస్తే, వచ్చిన రోజు, వేళ వేసి అదే తీగకు గుచ్చుతాను.

ఇట్లు,
ఒక సిగ్నల్స్ లైన్‌మన్ కొడుకు,
రిటైర్డ్ చరిత్ర అధ్యాపకుడు,
విజయనగరం జిల్లా